బాణం నా చేతిలో ఉన్నంతకాలం

పాయింటర్లు అర్థం కాకపోతే లోపం పిల్లలదేనని చాలాకాలం నమ్మాను. హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండలో సాయంత్రం పూట సీ లాంగ్వేజ్ చెప్పేవాణ్ణి. మొఘల్‌పురా, హుస్సేనీ ఆలం, గౌలిపురా, లాల్‌దర్వాజా నుంచి డిగ్రీ, డిప్లొమా పిల్లలు వచ్చేవారు. లూపులు, అర్రేల దాకా హుషారుగా నడిచిన క్లాసు పాయింటర్ల దగ్గరికి రాగానే చప్పబడిపోయేది. ‘వీళ్లకు బేస్ లేదు’ అని తేల్చేసేవాణ్ణి. ఆ మాట అన్నందుకు అప్పుడు సిగ్గు పడలేదు, ఇప్పుడు పడుతున్నాను.

బోర్డు మీద ఒక డబ్బా గీసేవాణ్ణి. లోపల 5, పైన ఎక్స్, కింద 1000. పక్కనే ఇంకో డబ్బా, అందులో 1000, దాని పేరు పీ. ‘ఎక్స్ అడ్రస్ పీలో ఉంది, అంతే’ అని ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. ఆ 1000 నా సౌకర్యానికి నేను వేసుకున్న అంకె అని ఏనాడూ చెప్పలేదు. వేరియబుల్‌కు మెమరీలో ఎక్కడ చోటు దొరుకుతుందో రాసేవాడు నిర్ణయించడు. పైగా ఇప్పటి లైనక్స్ లాంటి సిస్టమ్‌లు భద్రత కోసం, లోకల్ వేరియబుళ్లను పెట్టే స్టాక్ ఉండే చోటును ప్రతి రన్‌కూ మారుస్తుంటాయి. ఒకబ్బాయి పాయింటర్‌లో నేరుగా 1000 వేసి, స్టార్ పెట్టి విలువ అడిగాడు. సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోయింది. ‘మీరు బోర్డు మీద వేసిందే వేసిన సార్’ అన్నాడు. నా బొమ్మను ఉన్నదున్నట్టు నమ్మిన పిల్లాణ్ణి కసిరాను.

తర్వాత పాతబస్తీ ఇంటి నంబర్లను ఆసరా చేసుకున్నాను. వార్డు, బ్లాకు, ఇల్లు, అన్నదమ్ములు పంచుకున్నాక చేరే ఏ, బీలు. నంబరు వేరు, ఇల్లు వేరు అన్నంతవరకు ఆ పోలిక బాగానే పనిచేసింది. పాయింటర్‌కు 1 కలిపితే ఇంట్ అర్రేలో నాలుగు బైట్లు ఎందుకు జరుగుతుందని అడిగేసరికి తెగిపోయింది. గల్లీలో ఇళ్లన్నీ ఒకే కొలతలో ఉండవు కదా. అయినా ఆ పోలికనే సాగదీశాను.

ఆఖరికి ప్రొజెక్టర్ చేతికొచ్చింది. ఫిలిప్ గువో 2010లో మొదలుపెట్టిన పైథాన్ ట్యూటర్ పేరుకు పైథాన్‌దే గానీ సీ ప్రోగ్రాంను కూడా లైను లైనుగా నడిపి చూపిస్తుంది. ఒక్కో ఫంక్షన్‌కు ఒక్కో ఫ్రేమ్, అందులో వేరియబుళ్లు, పాయింటర్ నుంచి అది చూపే చోటుకు బాణం. ఫంక్షన్ ముగియగానే దాని ఫ్రేమ్ మాయమవుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో నిక్ పార్లాంటే 1999లో పాయింటర్ల మీద చేసిన బింకీ బంకమట్టి బొమ్మల వీడియో కూడా వేసి చూపించాను. గోడ మీద బాణాలు కదులుతుంటే పిల్లలు కళ్లప్పగించి చూశారు, తలలూపారు. నా కష్టం తీరిందనుకున్నాను. నా మూర్ఖత్వమంతా ఆ అనుకోవడంలోనే ఉంది.

స్క్రీన్ ఆపేసి ఒక చిన్న లెక్క ఇచ్చాను. ఎక్స్‌లో 5, వైలో 7. పీ ఎక్స్‌ను చూపిస్తుంది, క్యూ వైని చూపిస్తుంది. ఇప్పుడు పీ = క్యూ, ఆ తర్వాత *పీ = 10. ఎక్స్ ఎంత, వై ఎంత? కాసేపటి క్రితమే ఇలాంటిది గోడ మీద చూశారు. అయినా ఎక్కువమంది ఎక్స్ 10, వై 7 అని రాశారు. పీ మొదట ఎక్స్ వైపు తిరిగింది కాబట్టి ఎప్పటికీ ఎక్స్‌దేనని వాళ్ల లెక్క. నిజానికి పీ = క్యూ అనగానే బాణమే వై వైపు తిరుగుతుంది. ఎక్స్ 5గానే ఉంటుంది, వై 10 అవుతుంది. అదే *పీ = *క్యూ అని ఉంటే బాణాలు కదలవు, వైలోని 7 ఎక్స్‌లోకి వస్తుంది.

క్లాసులో ముందు కూర్చునే అమ్మాయిని అడిగాను, ఇందాక చూశావు కదమ్మా అని. ‘మీరు నొక్కుతుంటే బాణం పోతనే ఉంది సార్. ఎటు పోతదో నేను అనుకునే లోపలే పోయింది’ అంది. మౌస్ నా చేతిలో ఉంది, కాబట్టి ఆలోచన కూడా నా తలలోనే జరిగింది. వాళ్లకు మిగిలింది చూడటమొక్కటే.

ఈ సంగతి పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. క్రిస్ హుండ్‌హౌసెన్, సారా డగ్లస్, జాన్ స్టాస్కో 24 ప్రయోగాలను పరిశీలించి 2002లో ఒక వ్యాసం వెలువరించారు. అల్గారిథమ్‌ల బొమ్మల్లో విద్యార్థి ఏం చూశాడన్నదానికంటే ఆ బొమ్మతో ఏం చేశాడన్నదే చదువుకు ముఖ్యమని అందులో తేలింది. అది నేను ముందే చదివి ఉండాల్సింది. చదువు చెప్పేవాడు చదవకపోతే నష్టపోయేది పిల్లలు.

ఇప్పుడు పైథాన్ ట్యూటర్‌లో నెక్స్ట్ బటన్ నొక్కే ముందు అందరూ కాగితం మీద డబ్బాలు, బాణాలు గీయాలి. పక్కవాడి బొమ్మతో పోల్చి వాదించుకోవాలి. ఆ తర్వాతే వాళ్లలో ఒకరు వచ్చి బటన్ నొక్కుతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లూ తెలుగు మాట్లాడేవాళ్లూ కలిసి కూర్చునే క్లాసు మాది. బొమ్మకు భాష అక్కర్లేదని నేననుకున్నది కూడా పొరపాటే, బొమ్మ చుట్టూ మాట పుట్టాలి. లోకల్ వేరియబుల్ అడ్రస్‌ను రిటర్న్ చేసే ఫంక్షన్ ఇచ్చిన రోజు ఒకడు ‘ఫంక్షన్ ఖతమ్ హోగయా, ఫ్రేమ్ చ నై, తో తీర్ కిదర్ జాతా?’ (ఫంక్షన్ అయిపోయింది, ఫ్రేమే లేదు, మరి బాణం ఎటు పోతుంది?) అని అడిగాడు. పక్కనున్నవాడు ‘బాణం ఉంటది, అవతల మనది ఏం ఉండదు’ అన్నాడు. డాంగ్లింగ్ పాయింటర్‌కు నేనిచ్చిన ఏ నిర్వచనమూ అంత తేటగా లేదు.

ఈ పాఠం చెప్పే తోటి టీచర్లను నేను కోరేది ఒక్కటే. ప్రొజెక్టర్ లేకపోయినా ఫర్వాలేదు, తెల్లకాగితం చాలు. బాణం ఎటు తిరుగుతుందో ముందు పిల్లలనే చెప్పనివ్వండి. తప్పు గీసిన కాగితాలకు మార్కులు తీసేయకుండా ఇంటికి తీసుకెళ్లి చూడండి. మర్నాడు క్లాసులో ఏం చెప్పాలో వాటిని బట్టే తెలుస్తుంది.