సున్నాకు సన్మానం

మళ్ళీ ఆ సీజనొచ్చింది. ఫోన్ తెరిస్తే చాలు, సూటు, మెడలో రిబ్బను, చేతిలో గాజు ముక్క. ‘ఈ ఏటి మేటి రిస్క్ లీడర్’, ‘టాప్ హండ్రెడ్ సెక్యూరిటీ దిగ్గజాలు’, ‘రేపటి సీఐఎస్ఓ’ (అంటే కంపెనీ సమాచార భద్రతాధికారి). రేపటివాడికి ఇవాళే ఎందుకిచ్చారని అడక్కండి. ఫొటో కింద అందరూ రాసేది ఒకటే: ఎంతో వినమ్రంగా స్వీకరిస్తున్నారట. తన నామినేషన్ తానే నింపుకుని, కొన్నిచోట్ల ఫీజు కూడా కట్టుకున్న సంగతి మాత్రం రాయరు. పోనీండి, శాలువా తానే కొని తీసుకెళ్ళి కప్పించుకున్న కవులను కూడా మనం చూశాం.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఈ బిరుదుల్లో సగానికి మూలమంత్రం ‘జీరో ఇన్సిడెంట్స్’. ఏడాది పొడుగునా ఒక్క సంఘటనా లేదట. అంటే జరగని దొంగతనానికి, అంటుకోని మంటకు, రాని హ్యాకరుకు చప్పట్లు. ఇందులో అయ్యగారి ప్రతిభ ఎంత, దొంగగారి బద్ధకం ఎంత అన్నది జ్యూరీ ఏ తక్కెడలో తూచిందో! మా వీధి మొగలో తాళమే లేని ఇస్త్రీ బండి ఉంది. ఏళ్ళ తరబడి అందులోంచి చేతిరుమాలు కూడా పోలేదు. అతన్ని ఏ కేటగిరీలో వేసుకుంటారు?

ఈ సున్నా విలువ తెలియాలంటే 2017 నాటి అమెరికాకు పోవాలి. జనం అప్పుల చిట్టాలు దాచే ఈక్విఫాక్స్ కంపెనీ. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కన్నాన్ని పూడ్చే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. వీళ్ళు పూడ్చలేదు. మేలో దొంగలు దూరారు. 76 రోజులు లోపలే మకాం. వచ్చేపోయే డేటాను కనిపెట్టాల్సిన పరికరం సర్టిఫికెట్‌కు గడువు తీరి 19 నెలలైంది కనుక దానికి కళ్ళు లేవు. జూలై చివర్లో కొత్త సర్టిఫికెట్ వేశారో లేదో, దొంగ ఎదురుగా కనిపించాడు! అప్పటికే దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు గడప దాటాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ జూన్‌లో ఎవరైనా లెక్క అడిగితే ఈ దాడి పద్దు కింద ఏముంటుంది? సున్నా. గుడ్డి పరికరం ఉన్నన్నాళ్ళూ గాజు ముక్కకు అర్హత పదిలం. కళ్ళు తెరిపించిన రోజే రికార్డు చెడింది. అవార్డు లెక్కన చూస్తే ఆ సర్టిఫికెట్ మార్చినవాడే అసలు నేరస్థుడు.

చూడకపోతే వచ్చే సున్నా ఇది. రాయకపోతే వచ్చే సున్నా ఇంకొకటుంది. దాని దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వు రావడం మానేస్తుంది. మా అపార్ట్‌మెంటు రాత్రి గార్డు ఒకసారి రిజిస్టరులో ‘వెనక గేటు గొళ్ళెం ఊడింది’ అని రాశాడు. మర్నాడు సూపర్‌వైజరు ఊడిపడ్డాడు. “ఇట్లాంటివి రాస్తే కాంట్రాక్టు పోతుంది. నోటితో చెప్పు, చాలు” అని కసిరి, ఆ పేజీ చింపి పట్టుకుపోయాడు. గొళ్ళెం బాగుపడలేదు. రిజిస్టరు బాగుపడింది. కంపెనీల్లోనూ ఇదే తంతు కాకపోతే, హ్యాకింగ్ జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో చెప్పి తీరాలని 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఎందుకు ఆదేశించింది? అడక్కుండా చెప్పే అలవాటు ఉంటే ఆ ఆదేశంతో పనేముంది? ఒకపక్క ప్రభుత్వం చెప్పమంటుంటే ఇంకోపక్క చెప్పనివాణ్ణి వేదికెక్కించి దండ వేస్తారా? సిగ్గుండాలి.

ఆ వేదిక ఉన్న హోటల్ గేటు దగ్గర నిలబడ్డ మనిషి సంగతీ చూడండి. 2005 ప్రైవేటు సెక్యూరిటీ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు అతని ఛాతీ 80 సెంటీమీటర్లుండాలని, ఊపిరి పీలిస్తే ఇంకో 4 పెరగాలని చెబుతాయి. కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి. వంద గంటల క్లాసు, అరవై గంటల ఫీల్డు శిక్షణ ఉండాలి. మన గేట్ల దగ్గర ఉండేదేమో అరవై దాటిన పెద్దాయన. సాయంత్రం యూనిఫాం, ఆ రాత్రే డ్యూటీ, పన్నెండు గంటలు. మామూలు పనివేళలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలన్న మాట అతని చెవిన ఎవరూ వేయరు. అతన్ని పెట్టిన డైరెక్టరుగారి ఛాతీ అవార్డు రాత్రి ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో కొలిచే నిబంధన మాత్రం లేదు.

నేను గౌరవించే అవార్డు ఒకటుంది. 2024 జూలై 19న సైబర్ సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్ ధాటికి 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మర్నెల లాస్ వెగాస్‌లో హ్యాకర్లు పౌనీ అవార్డుల్లో ‘ఘోర వైఫల్యం’ బహుమతిని ఆ కంపెనీకిచ్చారు. ప్రెసిడెంట్ మైకేల్ సెంటోనస్ స్వయంగా వెళ్ళి తీసుకున్నాడు. రోజూ ఉద్యోగుల కంటపడేలా హెడ్ ఆఫీసులో పెడతానన్నాడు.

మన నిర్వాహకులకు అంత గుండె లేకపోతే, వచ్చే ఏడు నామినేషన్ ఫారంలో రెండు గడులు చాలు: రిజిస్టరులోంచి చింపిన పేజీలెన్ని, గార్డుకు ఓవర్‌టైం కట్టిన రసీదు ఏది. కావాలంటే ఫీజు రెట్టింపు చేసుకోండి.