ఒక జాకీ ఆత్మకథ

హోసూరులో చంద్రచూడేశ్వరస్వామి కొండ కనబడు ఒక వీధియందు, తెలుగువారి యింటి వెనుక రేకుల కొట్టమున, నూనెగుడ్డల నడుమ నా నివాసము. ఈ మొరసునాట తెనుగును, తమిళమును, కన్నడమును ఒక్క గడపలోనే వినవచ్చును గాని మూడు భాషలయందును నా పేరు జాకీయే. పొట్టి సీసావలె నుండు నన్ను నా యజమాని బెంగుళూరు జె.సి. రోడ్డున బేరమాడి కొనితెచ్చెను. ఆయన సిప్కాట్ పేటలో ఫిట్టరు. 1980లో టీవీఎస్ 50 మోపెడు పుట్టిన యీ యూర యంత్రములతో చనవు గలవా రెందఱో కలరు. ఆయనయు తన పాత అంబాసిడరును పరుల చేతికీయక తానే బాగుచేసికొనును.

నా వంశము గొప్పది. మూతవేసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము తగ్గక నలుదిశలకును వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడైన పాస్కల్ కనుగొనగా, 1795లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా ఆ సూత్రముతో ఒత్తిడి యంత్రమును నిర్మించి పేటెంటు పొందెను. నేను దానికి దూరపు మనుమడను. నా కడుపులో రెండు ముషలకములు కలవు. పెద్దదాని అడ్డుకొలత చిన్నదానికి మూడింతలు గనుక బలము తొమ్మిదింత లగును. పిడి పొడవువలన మఱి పదునైదింతలు. రాపిడికి పోయినది పోగా, పది కిలోల చేతిబలముతో టన్నుకు మించిన బరువును లేపగలను. అయితే బలమున గడించినది దూరమున చెల్లింపక తప్పదు: పిడి 27 సెంటీమీటర్లు దిగినచో నా తల లేచునది 2 మిల్లీమీటర్లే.

ఇంతటి శక్తి కలిగియు నాకొక అశక్తత కలదు. దానిని చెప్పుటకే యీ కథ యెత్తుకొంటిని. ఎత్తుట నా ధర్మము, మోయుచు నిలుచుట నా ధర్మము కాదు. నా నూనెను వెనుకకు పోనీయక నిలుపునది చిన్న ఉక్కు గోళీయు, ఒక రబ్బరు వాషరును మాత్రమే. ఆ గోళీ క్రింద ఇసుకరేణు వొక్కటి చిక్కినచో, పైనున్న బరువు నాకు తెలియకుండగనే క్రిందికి జారును. ఆ బరువు క్రింద ఒక మనుష్యుడు వెల్లకిల పరుండి యుండునను తలంపు వచ్చినపుడెల్ల నా యినుప దేహము గగుర్పొడుచును.

ఒక మామిడికాపు వేళ కృష్ణగిరి బంధువుల యింటికి పోవుచుండగా, సూలగిరి దాటిన పిమ్మట టైరు పంచరైనది. వాన తడిసిన యెఱ్ఱమట్టి అంచున నన్ను నిలుపగా, కారు లేచుటకు మారుగా నేనే నేలలోనికి క్రుంగితిని. నాటినుండి నా పాదముల క్రింద చింతచేవ పలక యొకటి వెంట వచ్చుచున్నది. స్టెప్నీ బిగించిన తరువాత, చక్రమున కడ్డు పెట్టిన రాతిని యజమాని మఱవక దూరముగ దొరలించెను. ఆ పని మఱచి పోవువారిని నే నెందఱినో చూచితిని. ఆ రాయి రాత్రివేళ ఏ మోపెడువాని ప్రాణము తీయునో వారు తలంపరు.

మా పెద్ద గండము మాత్రము ఇంటి ముంగిటనే జరిగినది. వెనుక బ్రేకు షూలు మార్చవలెనని, యజమాని చక్రపు నట్లను ముందే కొంచెము వదులుచేసి, నన్ను ఇరుసు క్రింద, కమాను కట్ట చెంత నిలిపి ఎత్తి, ఊడదీసిన చక్రమును కారు క్రింద అడ్డముగ పరుండబెట్టెను. అంతవఱకు సరియే. డ్రమ్ము ఊడి రావలెనన్న హ్యాండు బ్రేకు విడువవలెను, విడిచెను. గేరున్నది గదా యని ధైర్యము. కాని అంబాసిడరు వెనుక చక్రములతో నడచు బండి. ఒక వెనుక చక్రము గాలిలో నున్నపుడు డిఫరెన్షియలు ఆ చక్రపు కొనను స్వేచ్ఛగా తిరుగనిచ్చును గనుక గేరు బండి నాపజాలదు. ముందు చక్రములకు చెక్కలు పెట్టలేదు. ముంగిలి వీధివైపునకు ఇంచుక వాలు. సుత్తికై ఆయన చేయి చాచిన క్షణమున బండి మెల్లగా కదలినది, నేను ఒరగితిని, ఇరుసు నా తలనుండి జారిపోయినది. బండి దేహమంతయు ఆ పరుండిన చక్రముపై పడి ఆగినది. కొంతసేపెవ్వరును మాటాడలేదు. లోపలనుండి పరుగెత్తి వచ్చిన ఆయన కూతురు తండ్రి వ్రేళ్లను ఒక్కొక్కటిగా తడవి చూచుట నాకింకను కన్నులకు కట్టినట్లున్నది.

మఱునాడే ఒక జత ఇనుప స్టాండ్లు కొట్టమునకు వచ్చినవి. వానికి నూనె లేదు, గోళీ లేదు. మేకు దిగినచో మఱి జారుట యుండదు. అవి రాగా నాకీర్ష్య కలుగలేదు. ఎన్నేండ్లనుండియో వేచిన అన్నదమ్ములు వచ్చినట్లైనది.

ఇపుడు ఆదివారములయందు ముందు చక్రములకు ముందును వెనుకను చెక్కలు పడును. నేను ఎత్తుదును, ఇరుసున కిరువైపుల స్టాండ్లు చేరును, నా మర వదలగా బరువు వానిపై నెమ్మదిగా దిగును. అపుడా పిల్ల డిక్కీకి భుజమానించి బలముకొలది త్రోయును.

“నాయనా, కదల్లేదు. ఇంక దూరు.”

ఆయన లోనికి దూరును. నేను తల దించుకొని, చింతపలక ప్రక్కన, డ్రమ్ముపై సుత్తి మెల్లగా తట్టు చప్పుడు వినుచుందును.