డాక్టర్‌గారే చెబుతారు

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లాడికి మన వైపు రెండే గతులు. నీట్‌లో మంచి ర్యాంకు వస్తే "డాక్టరుగారూ" అని పిలుస్తారు. రాకపోతే "ఇప్పుడేం చేస్తున్నావురా?" అని అడుగుతారు. నేను రెండో కోవకు చెందినవాణ్ణి. బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీలో చేరానని చెబితే మా పెదనాన్న గడ్డం గోక్కుని, "ఎక్స్‌రేలు తీయడమేగా? మీట నొక్కడానికి మూడేళ్ళ చదువూ, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్పూ ఎందుకురా?" అన్నాడు. మా పిన్ని ఇంకో అడుగు ముందుకేసింది. "ఆ గదిలో పనిచేసేవాళ్ళకి పిల్లలు పుట్టరట. రేపు సంబంధాలెలా వస్తాయి?" క్లాసులు మొదలవకముందే మా వంశం నాతో ఆగిపోయింది.

ఆస్పత్రి పోస్టింగు మొదలయ్యాక, పిన్ని భయం పోగొట్టాలని నా చొక్కాకున్న టీఎల్‌డీ బ్యాడ్జి చూపించాను. మాకు తగిలే రేడియేషన్ ఎంతో అందులోని బిళ్ళలు పట్టి ఉంచుతాయి. మూడు నెలలకోసారి ల్యాబుకి పంపితే లెక్క తేలుస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ప్రకారం మాకు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకునే రోగికైనా తగిలేది 0.1 మిల్లీసీవర్ట్ లోపే. మేమేమో సీసపు ఏప్రాన్ తొడుక్కునో, గోడ చాటునో ఉంటాం. ఇదంతా శ్రద్ధగా విని పిన్ని తేల్చింది: "అయితే ఆ బిళ్ళ ఒంటిమీద ఉన్నంతకాలం ఏమీ కాదన్నమాట."

"అది రక్ష కాదు పిన్నీ, లెక్క!"

"ఏదైతేనేం, స్నానానికి తప్ప తీయకు."

లెక్కలంటే గుర్తొచ్చింది. మా క్లాసులో సగం మంది లెక్కలు తప్పించుకుందామనే బైపీసీలో చేరినవాళ్ళు. ఫస్టియర్లో రేడియేషన్ ఫిజిక్స్ మా కోసం తలుపు చాటున కాచుకుని ఉంది. దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. కేవీపీ, అంటే ట్యూబు వోల్టేజి పెంచితే చొచ్చుకుపోయే శక్తి పెరుగుతుంది; ఎంఏఎస్, అంటే ట్యూబు కరెంటూ సమయమూ కలిపిన లెక్క పెంచితే కిరణాల రాశి పెరుగుతుంది. ఎక్స్‌రే ట్యూబులో ఎలక్ట్రాన్లు పోయి టంగ్‌స్టన్‌ను గుద్దుకుంటే వాటి శక్తిలో నూటికి తొంభైతొమ్మిది వంతులకు పైగా వేడిగానే పోతుంది, ఎక్స్‌రేగా మారేది ఒక్క వంతు కూడా ఉండదు. మధ్యాహ్నం భోజనం తర్వాత క్లాసులో మా సార్ చెప్పే పాఠానిదీ సరిగ్గా ఇదే నిష్పత్తి.

మా మూలపురుషుడు రాంట్‌జన్. 1895 నవంబరు 8న జర్మనీలో వుర్జ్‌బర్గ్‌లోని తన ప్రయోగశాలలో ఈ కిరణాల్ని కనిపెట్టాడు. అందుకే నవంబరు 8 మాకు పండుగ. ఆ డిసెంబరులోనే భార్య చేతిని ఎక్స్‌రే తీశాడు, 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ అందుకున్నాడు, పేటెంటు మాత్రం తీసుకోలేదు. అంతటి మహానుభావుడి బొమ్మలోనూ ఒక లోపముంది. ఆవిడ వేలికి ఉంగరం అలాగే ఉంది! మా ప్రాక్టికల్ పరీక్షలో ఉంగరం తీయించకుండా చెయ్యి ఎక్స్‌రే తీస్తే మార్కులు కోసేస్తారు.

ఫిజిక్స్ గడిచాక పొజిషనింగ్ వచ్చింది, అంటే ఏ ఎముక కోసం మనిషిని ఎలా వంచాలి అన్న శాస్త్రం. సైనస్‌లకు వాటర్స్ వ్యూ, తుంటికి ఫ్రాగ్ లెగ్, మెడకింద ఎముకలు భుజాల వెనక దాక్కుంటే స్విమ్మర్స్ వ్యూ. పరీక్షల ముందు మా హాస్టల్ గదిలోకి ఎవరైనా వస్తే ఒకడు కప్పలా పడుకుని, ఒకడు మంచం మీదే ఈతకొడుతూ, ఇంకొకడు గడ్డం గోడకానించి ముక్కు ఎత్తుకుని కనబడేవారు. వార్డెన్‌గారు ఒకసారి తొంగిచూసి ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు. నడుముని ఏటవాలుగా తీస్తే ప్రతి వెన్నుపూసలోనూ ఒక కుక్కపిల్ల కనబడాలి. దానికి కన్ను, ముక్కు, చెవి, ముందుకాళ్ళు అన్నీ ఉంటాయి. ఇది నేను కల్పించింది కాదు, పాఠంలోనే దాన్ని స్కాటీ డాగ్ అంటారు. ఆ కుక్క మెడలో పట్టీ ఉన్నట్టు నల్లటి గీత కనబడితే అక్కడ ఎముక విరిగిందని అర్థం. మొదటి రోజుల్లో నాకు పట్టీ సంగతి దేవుడెరుగు, కుక్కే దొరికేది కాదు.

ఇక ఆస్పత్రి పోస్టింగు. పుస్తకంలో ఛాతీ ఎక్స్‌రే చాలా సులువు. రోగి ఛాతీ పలకకు ఆనించాలి, ట్యూబు 180 సెంటీమీటర్ల దూరాన ఉండాలి, రెక్క ఎముకలు అడ్డురాకుండా భుజాలు ముందుకు తోయాలి, ఊపిరి నిండా పీల్పించి బిగపట్టించాలి. ఊపిరి చాలకపోతే గుండె ఉన్నదానికన్నా పెద్దదిగా కనబడుతుంది. వెనక పక్కటెముకలు పది లెక్కకు రావాలి. పుస్తకం రాసినాయనకి మా గోదావరి జిల్లాల తాతలు తగల్లేదు.

"తాతా, గుండెలనిండా ఊపిరి పీల్చి బిగపట్టు."

"అట్టాగే బాబూ!"

ఆ "అట్టాగే బాబూ"తో పీల్చిందంతా బయటికొచ్చేసింది.

"మాట్లాడకూడదు తాతా. పీల్చి, బిగపట్టు."

"మాట్లాడను బాబూ!"

మర్యాద తెలిసిన జాతితో వచ్చే చిక్కిది. పెద్దవాళ్ళకి చెప్పినమాటకి బదులివ్వకుండా ఉండటం చేతకాదు. అప్పుడు మా సీనియర్ టెక్నీషియన్ మాస్టారు కన్సోల్ దగ్గర్నుంచే ఒక్క కేక వేశారు: "తాతా, గోదాట్లో మునకెయ్యి!" అంతే. తాత కళ్ళు మూసుకున్నాడు, ఛాతీ రెండింతలైంది, నడుం మీదున్న చెయ్యి ముక్కు దగ్గరికి బయల్దేరింది. "ముక్కొద్దు, ముక్కొద్దు!" అని అరుస్తూనే మాస్టారు మీట నొక్కారు. బొమ్మ చూస్తే పక్కటెముకలు పదీ వరసగా ఉన్నాయి. ఈ మునక సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఆడవాళ్ళకి ఎక్స్‌రే ముందు నెల తప్పిందేమో అడగడం తప్పనిసరి. నేను తల వంచుకుని, గొంతు తగ్గించి కోడల్ని అడుగుతాను. బెంచీ మీదున్న అత్తగారు గొంతు పెంచి జవాబిస్తారు. ఆ జవాబులో పెళ్ళయిన తేదీ, మొక్కుకున్న దేవుళ్ళు, వియ్యాలవారి తప్పులు అన్నీ వస్తాయి. నాకు కావలసిన అవును, కాదు మాత్రం ఉండదు.

ఎమ్మారై గదిది ఇంకో కథ. అక్కడి అయస్కాంతం 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. హీలియం ద్రవంలో మైనస్ 269 డిగ్రీల చలిలో ఉండే దాని తీగచుట్టలు రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటాయి. ఊళ్ళో కరెంటు పోయినా అయస్కాంతం పోదు. అందుకని గుమ్మం దగ్గరే సోదా.

"అమ్మా, ఒంటిమీద ఇనుముగానీ, ఇంకేదైనా లోహంగానీ ఉందా?"

"ఏమీ లేవు నాయనా, నగలన్నీ మా అమ్మాయికి ఇచ్చేశా."

తీరా చూస్తే పుస్తెలతాడూ తీయలేదు, దానికి వేలాడుతూ పిన్నీసుల గుత్తీ ఉంది. ఇదేమిటమ్మా అంటే ఆవిడ నన్ను జాలిగా చూసి, "అవి పిన్నీసులు బాబూ, నగలు కాదుగా!" అంది. తర్కానికి తిరుగులేదు. అయస్కాంతానికి మాత్రం తర్కం తెలియదు.

ఇవన్నీ ఒక ఎత్తు, బొమ్మ తీశాక వచ్చే ప్రశ్న ఒక ఎత్తు. "ఏముంది బాబూ అందులో?" రిపోర్టు రాయవలసింది రేడియాలజిస్టు కాబట్టి మేము చెప్పవలసిన జవాబు ఒక్కటే: "డాక్టర్‌గారు చెబుతారండీ." మొదట్లో ఇది నాకు చిన్నతనంగా ఉండేది. మూడేళ్ళు చదివి ఈ మాటేనా అనిపించేది. ఒకరోజు ఒక కాలేజీ అమ్మాయి ఛాతీ బొమ్మలో ఊపిరితిత్తి పైభాగాన మచ్చలాంటిది కనబడింది. నా గుండె జారింది. మాస్టారు బొమ్మ చూసి, అమ్మాయిని చూసి, "జడ పైకెత్తి ముడేసుకోమ్మా" అన్నారు. మళ్ళీ తీస్తే మచ్చ మాయం. భుజం మీద పడ్డ జడ కూడా జబ్బులా కనబడగలదు. నేను నోరు జారి ఉంటే ఆ రాత్రి వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది కాదు. రోగి చేత ఊపిరి బిగపట్టించడం, మనం నోరు బిగపట్టుకోవడం, ఈ చదువంతా కలిపి ఈ రెండేనని అప్పుడు తెలిసింది. మొదటిది మునకతో వచ్చింది. రెండోది ఇంకా వస్తూనే ఉంది. పైగా నోరు మూస్తే చాలదు, మొహం కూడా మూయాలి. రోగులు మా మొహాన్ని ఫిల్మ్ కన్నా బాగా చదువుతారు.

చుట్టాల దగ్గర ఇదేమీ చెల్లదు. పెళ్ళి భోజనాల దగ్గరే పెద్దమ్మ మోకాలి ఫిల్మ్ ట్యూబులైటుకి పట్టి చూపిస్తుంది. మా బాబాయి ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తాడు, అందులో వెన్నుపూసల వెనక కొబ్బరిచెట్టు కనబడుతుంటుంది. అందరికీ ఒకటే జవాబు. "వీడికేమీ రాదు, అందుకే చెప్పట్లేదు" అని పెదనాన్న తేల్చేశాడు.

ఆఖరి ఏడాది వైవాలో వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌గారు ట్యూబు, టెస్లా, స్కాటీ డాగ్ అన్నీ అడిగి, చివర్లో కళ్ళజోడు తీసి, "రోగి నీ చెయ్యి పట్టుకుని ఏముందో చెప్పమని ఏడిస్తే ఏమంటావ్?" అన్నారు.

"డాక్టర్‌గారే చెబుతారు అంటానండీ."

ఆయన నవ్వి కాగితం మీద ఏదో వేశారు. నాకు ఆగలేదు. "ఎన్ని వేశారు సార్? పాసైనట్టేనా?" అన్నాను.

ఆయన కాగితం బోర్లించారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"యూనివర్సిటీ చెబుతుంది."