నిస్వార్థ సేవకు రెండు ఖాళీలు

నిస్వార్థ సేవకి మన రైల్వేలో వంద మార్కులు. రాత పరీక్షకి 60, సర్టిఫికెట్లకి 40. స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా నోటిఫికేషన్ ఎప్పుడు తిరగేసినా ఇదే లెక్క. ఆ అరవైలో ఇరవై వ్యాసానికి. అంటే సేవ చేస్తే సరిపోదు, చేశానని చెప్పుకోవడం కూడా చేతనవ్వాలి. ఇదంతా గట్టెక్కితే డివిజన్‌కి ఏడాదికి రెండు కొలువులు, లెవెల్ వన్, మూలవేతనం 18,000. జోన్ మొత్తానికి లెవెల్ టూలో మరో రెండు. ఫలం ఆశించకుండా కర్మ చెయ్యమన్న శ్రీకృష్ణుడు ఒక్క సంగతి చెప్పడం మరిచిపోయాడు. చేసిన కర్మకి ఐదేళ్ళ యాక్టివ్ మెంబర్‌షిప్ సర్టిఫికెట్ జతపరచవలెను, లేనిచో దరఖాస్తు తిరస్కరించబడును.

ఈ లెక్కలు నాకెందుకు కంఠోపాఠమంటే, నేను ఖరగ్‌పూర్‌లో పిల్లల ట్రూప్ నడిపే స్కౌట్ మాస్టర్ని. జీతం లేని కొలువు. మానేద్దామంటే రాజీనామా తీసుకునే నాథుడు లేడు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి రైల్వే గోత్రం లాంటిది. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టి రెండు చేతులున్న ప్రతివాడినీ రమ్మంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా తాతలు మూటాముల్లె సర్దుకొచ్చి నింపురా, మథురాకాటీల్లో దిగిపోయారు. తాత వేలిముద్ర వేసి చేరాడు. నాన్న మెట్రిక్ తప్పి చేరాడు. మనవడు డిగ్రీ పాసై, ఐటీఐ కూడా పాసై, గేటు బయట నిలబడి లోపలికి దారెటని అడుగుతున్నాడు. ఒక దారి అప్రెంటిస్, ఒక దారి స్పోర్ట్స్ కోటా, ఇంకో ఇరుకు సందు మా స్కౌటింగ్. (స్పోర్ట్స్ కోటా అంటే గుర్తొచ్చింది. 2001 నుంచి 2003 దాకా ధోనీ ఇక్కడే టికెట్లు తనిఖీ చేశాడు. లోకమంతా ఆ కథలోంచి తెగువ నేర్చుకుంటే మా వీధి పెద్దలు మాత్రం ‘పర్మనెంటు ఉజ్జోగం ఒగ్గీసినాడు గానీ, ఉండుంటే ఈపాటికి పెద్ద టీటీ అయిపోయుండును’ అని ఇప్పటికీ నిట్టూరుస్తారు.)

కాబట్టి పిల్లాణ్ణి చెయ్యిపట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చే తల్లిని నేను వెక్కిరించలేను. ఆవిడ మాట మొహమాటం లేని మాట.

“మాస్టారూ, మావోణ్ణి మీ కాడ ఏసీమన్నారండి. ఉజ్జోగం ఎన్నాళ్ళకొస్తాదేటి?”

“అమ్మా, వాడికింకా పదేళ్ళు.”

“అందుకే కదండీ ఇప్పుడే తెచ్చినాను. ఆలీసమైతే లైను పెరిగిపోదూ?”

లైను సంగతి ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. ఒక ట్రూప్‌లో నిండుగా ఉంటే ముప్ఫై రెండు మంది. ప్రవేశ్ నుంచి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలెక్కి, రాజ్య పురస్కారం దాటి, అందరూ రాష్ట్రపతి స్కౌట్లే అయ్యారనుకుందాం. ఏడాదికి రెండు చొప్పున ఒక్క నా ట్రూప్ కుర్రాళ్ళకే డివిజన్ ఖాళీలన్నీ పదహారేళ్ళ పాటు రాసిచ్చెయ్యాలి. మిగతా ట్రూపులు, గైడ్ కంపెనీలు, రోవర్లు, రేంజర్లు ఆ పదహారేళ్ళూ హార్మోనియం వాయించుకోవాలి. ఈ లెక్క ఆవిడకి చెప్పాను. ఆవిడ శాంతంగా విని, “మావోడు ఆ ఇద్దరిలో ఉంటాడు లెండి” అంది. అంతటి నమ్మకం బేడెన్ పావెల్‌కి కూడా తన ఉద్యమం మీద ఉండి ఉండదు.

తొమ్మిదో తరగతికి రాగానే సగం మంది మాయం. ఊళ్ళో 1951 నుంచి ఐఐటీ ఉంది మరి. ఆ గేటు ముందు నుంచి రోజూ సైకిల్ మీద పోతూ కొడుకుని కోచింగ్‌లో వెయ్యని తండ్రిని మా వీధిలో తండ్రిగా లెక్కవెయ్యరు. ఆదివారం పొద్దున్న నా మీటింగ్, అదే ఆదివారం పొద్దున్న వాళ్ళ వీక్లీ టెస్ట్. ఐఐటీ పోతే మళ్ళీ కోటా గుర్తొస్తుంది. అప్పుడు తండ్రి మిఠాయి డబ్బాతో వస్తాడు. మధ్యలో పోయిన మూడేళ్ళకీ హాజరు వెయ్యమని ప్రార్థన. స్కౌట్ నియమాల్లో మొదటిది నమ్మదగినవాడై ఉండటం. ఆ మొదటి నియమానికి రేటు అరకేజీ రసగుల్లా.

ఇక అసలైనవాళ్ళ దగ్గరికి వస్తాను. ముఖ్య అతిథి దగ్గరికి.

పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఆయన బదిలీ అయినా కుర్చీలో అదే మనిషి ఇంకో పేరుతో వస్తాడు. కార్యక్రమం తొమ్మిదింటికి. పిల్లలు ఆరింటికి రావాలని ఆజ్ఞ. బట్టలు ఇస్త్రీ, బూట్లు నలుపు, మెడలో స్కార్ఫు, చేతిలో కర్ర. అయ్యగారు పదిన్నరకి కారు దిగుతారు. ఎండలో నాలుగున్నర గంటలు నిలబడ్డ పిల్లల మధ్యలోంచి నడిచొచ్చి, షామియానా నీడలో వేసిన కుర్చీలో కూర్చుని, సమయపాలన గురించి మాట్లాడతారు. రైల్వే మనిషి సమయపాలన గురించి మాట్లాడితే చప్పట్లు కొట్టకుండా ఉండటానికి చాలా నిగ్రహం కావాలి. మా పిల్లలకి ఆ నిగ్రహం నేర్పలేదు, వాళ్ళు కొడతారు.

ముందుగా స్కార్ఫు వెయ్యాలి. స్కౌట్‌కి ఆ గుడ్డముక్క దీక్ష తీసుకున్నాకే మెడలోకి వస్తుంది. నెలల తరబడి వచ్చి, ప్రతిజ్ఞ నేర్చుకుని, నియమాలు అప్పజెప్పి, అప్పుడు. ముఖ్య అతిథికి కారు దిగినందుకే వస్తుంది. ఆపైన మా పెట్రోల్ లీడర్ ఎడమచెయ్యి చాపుతాడు. ప్రపంచమంతటా స్కౌట్లు ఎడమచేత్తోనే కలుపుతారు. అయ్యగారు ఆ చేతిని చూసి, పిల్లాడి పెంపకాన్ని చూసి, నా వైపు చూస్తారు. ఆ చూపులో తరువాతి ఏడాది క్యాంపులకి నాకు రావలసిన స్పెషల్ సెలవు రద్దవుతుంది.

శుభ్రత పక్షమొస్తే ఇంకా వైభవం. సఫాయి మనుషులు తెల్లారకుండా ఊడ్చేసిన చోట కొత్త చీపుర్లు పంచుతారు. ఊడ్చడానికి చెత్త ఉండదు. అప్పుడెవరో పుణ్యాత్ముడు చెట్టుకింద ఆకులు తెచ్చి జల్లుతాడు. ఫొటో అయిపోతుంది. చీపుర్లు స్టోర్స్‌కి తిరిగి వెళ్ళిపోతాయి, ఆకులు అక్కడే ఉంటాయి, పిల్లలు ఏరుతారు. లోకంలో శుభ్రం చెయ్యడం కోసం ముందు చెత్త పోసే వ్యవస్థ మనదొక్కటే అనుకుంటాను.

ఇందులో నిజమైన సేవ లేదా అంటే ఉంది, దాన్ని చూడ్డానికి ఎవరూ రారు. వేసవిలో స్టేషన్లో మంచినీళ్ళు ఇవ్వడం అలాంటిది. మా ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. జనరల్ బోగీలు రెండు చివర్లా ఉంటాయి, దాహం ఎక్కువున్నదీ అక్కడే. బకెట్ పట్టుకుని పన్నెండేళ్ళవాడు ఆ చివరికి పరిగెత్తేసరికి బండి కదులుతుంది. కిటికీలోంచి చాచిన సీసా ఖాళీగానే పోతుంది. వాడి ముఖం చూస్తే తెలుస్తుంది సేవంటే వీడికి అర్థమైందని. దానికి మార్కుల పట్టికలో గడి లేదు. అన్నట్టు, వేదికెక్కిన ప్రతి వక్తా మాది ‘ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం’ అని ఇంకా అంటూనే ఉంటాడు. 2013లో గోరఖ్‌పూర్ ఆ కిరీటం పట్టుకుపోయింది, 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో దాన్నీ దాటేసింది. ప్రసంగం మాత్రం పాత టైంటేబుల్ ప్రకారమే నడుస్తోంది.

సర్టిఫికెట్ రావాలంటే లాగ్‌బుక్ కావాలి. లాగ్‌బుక్ అంటే పిల్లాడు తను చేసినది తన చేత్తో రాసుకోవలసిన పుస్తకం. నా దగ్గర ఒకడున్నాడు. కళ్ళకి గంతకట్టినా బోలైన్ ముడి వేస్తాడు, వానలో పొయ్యి రాజేస్తాడు. తెలుగు మాట్లాడతాడు, బెంగాలీ, హిందీ కలిపి దంచుతాడు. రాయమంటే మూడింట్లోనూ తడబాటే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుని అధికార భాషల్లో చేర్చింది, సంతోషం. ఆ అధికారం ఇంకా లాగ్‌బుక్ దాకా నడిచి రాలేదు. వాడి పక్కనే ఇంకొకడు. వాడికి ముడి అంటే బూటు లేసే, అది కూడా వాళ్ళమ్మ కడుతుంది. లాగ్‌బుక్ మాత్రం రంగురంగుల బొమ్మలతో, అట్ట మీద మెరుపు కాగితంతో, ట్యూషన్ మాస్టారి ముత్యాల్లాంటి అక్షరాలతో వచ్చింది. పరీక్షాధికారి దాన్ని తిరగేసి “వెరీ గుడ్” అన్నాడు. ముడి వెయ్యమని అడగలేదు. తాడు తేలేదట.

ప్రథమ చికిత్స బ్యాడ్జీలూ ఇంతే, మధ్యాహ్నం భోజనాలకీ టీకీ మధ్య మూకుమ్మడిగా సంతకాలైపోయే రోజులుంటాయి. కట్లు కట్టే గుడ్డ మడత విప్పని గుడ్డగానే డబ్బాలోకి వెళ్ళిపోతుంది. 2023 జూన్ 2 సాయంత్రం మా డివిజన్‌లోనే, బహనాగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ పడిపోయింది. 290 మందికి పైగా పోయారు. మొదట పరిగెత్తుకొచ్చింది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. బోగీల్లోంచి మనుషుల్ని లాగారు, ఆ రాత్రే రక్తమివ్వడానికి ఆసుపత్రి దగ్గర బారులు తీరారు. వాళ్ళలో ఎవడి మెడలోనూ స్కార్ఫు లేదు, ఎవడూ లాగ్‌బుక్‌లో ఎక్కించుకోలేదు. ఆ వారం తరవాత నేను ట్రూప్‌లో ఉన్న ప్రతి అంబులెన్స్ బ్యాడ్జీ పిల్లాణ్ణీ పిలిచి స్ట్రెచర్ కట్టమన్నాను, రెండు కర్రలు, ఒక దుప్పటి. కట్టినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తల్లిదండ్రుల ఫిర్యాదు వెంటనే వచ్చింది. పాసైపోయిన పరీక్ష మళ్ళీ ఎందుకు పెడుతున్నారని.

మా సాటి మాస్టర్ల మాట దాటేస్తే అన్యాయం. ఈ కోటాకి రాష్ట్రపతి స్కౌట్లే కాదు, హిమాలయ ఉడ్ బ్యాడ్జీ ఉన్నవాళ్ళు కూడా అర్హులే. బేసిక్, అడ్వాన్స్ కోర్సులు చేసి, పచ్‌మఢీ వెళ్ళొచ్చి, మెడలో రెండు పూసలతో దిగిన కుర్ర మాస్టర్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఈల వేస్తే వీధంతా లేస్తుంది. పిల్లల్ని అడవికి తీసుకెళ్తాడు, పాటలు కడతాడు, రాత్రిళ్ళు డేరా బయటే పడుకుంటాడు. అపాయింట్‌మెంట్ ఆర్డరొచ్చిన మర్నాటి నుంచి ఆ ఈల వినపడదు. “షిఫ్ట్ డ్యూటీ దాదా, టైం దొరకడం లేదు” అంటాడు. నిజమే, సేవకి బహుమానంగా ఇచ్చిన ఉద్యోగం ముందుగా మింగేది ఆ సేవనే. అతను వదిలేసిన ట్రూప్ నా నెత్తిన పడుతుంది. రెండో కుర్ర మాస్టర్ కోసం వెతుకుతాను. దొరుకుతాడు, ఇంకా ఉద్యోగం రానివాడై ఉంటాడు.

డబ్బు సంగతి క్లుప్తంగా. నవంబర్ 7న, అంటే 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడిన రోజున, స్టిక్కర్లు అమ్మాలి. అమ్ముడుపోనివి నా పర్సులో అమ్ముడుపోతాయి. డేరా చిరుగులు మా ఆవిడ కుడుతుంది, ఆవిడకి ఏ బ్యాడ్జీ లేదు.

లోకంలో మనమొక్కళ్ళమే ఇలా అనుకోవద్దు. 2023లో కొరియాలోని సెమాంగుమ్‌లో ప్రపంచ జాంబోరీ పెట్టారు. నలభై వేల మంది పిల్లలు. ‘సిద్ధంగా ఉండు’ అన్నది నినాదంగా ఉన్న ఉద్యమం నీడలేని బురద నేల మీద, మండుటెండలో, చాలీచాలని మరుగుదొడ్లతో సిద్ధమైంది. వందల మంది వడదెబ్బకి పడ్డాక, బ్రిటిష్ వాళ్ళూ అమెరికన్లూ ముందే సర్దేసుకున్నాక, తుఫాను వస్తోందని అందర్నీ ఖాళీ చేయించారు. ఆఖరున పాప్ కచేరీ పెట్టి పంపించారు. మా ఊరైతే పెద్ద సారు ప్రసంగం పెట్టేవాళ్ళం. ఆ విషయంలో కొరియా వాళ్ళు నయం.

ఒక పాత భయం గురించి కూడా చెప్పాలి. 1909లో మన దేశంలో స్కౌటింగ్ మొదలైనప్పుడు తెల్లవాళ్ళ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే ప్రవేశం. నల్ల పిల్లాడి చేతికి తాడు, ఈల, దారి కనుక్కునే విద్య ఇస్తే ఏం చేస్తాడోనని దొరలకి గుబులు. 1916లో మద్రాసులో అనీబిసెంట్ మన పిల్లలకి వేరే స్కౌట్ సంఘం పెట్టాల్సి వచ్చింది. ఆ గుబులు ఉత్తదేం కాదు, మా మేదినీపూర్ జిల్లా కుర్రాళ్ళు 1931 నుంచి 1933 దాకా ఏడాదికొకణ్ణి చొప్పున ముగ్గురు తెల్ల మేజిస్ట్రేట్లని కాల్చేశారు. పాపం దొరలకి ఉపాయం తట్టలేదు. జైళ్ళు కట్టారు, హిజ్లీలో నిర్బంధ శిబిరం పెట్టి నిరాయుధుల మీద తుపాకులు పేల్చారు. అంత శ్రమెందుకు? కుర్రాడికి ఒక సర్టిఫికెట్ చూపించి, ఖాళీలు రెండే ఉన్నాయని చెబితే పదహారేళ్ళు సావధాన్‌లో నిలబడతాడు.

నాకు కోటా రద్దవ్వాలని లేదు. ఉన్న రెండు కొలువులూ పోతే నింపురాలో ఎవరి పొయ్యీ కొత్తగా వెలగదు. నేను అడిగేది చిన్నది. సర్టిఫికెట్లకిచ్చే నలభై మార్కుల్లో ఇరవై తాడుకివ్వండి. అభ్యర్థికి రెండు కర్రలు, ఒక దుప్పటి, ఒక తాడు ఇచ్చి ఎదురుగా ఉన్న మనిషిని మోసుకెళ్ళమనండి. ఆ మనిషిగా సెలక్షన్ బోర్డులోంచే ఒకరు పడుకోవాలి, ముడి జారితే ఎవరికి తగులుతుందో తెలుస్తుంది. అలాగే ఇకమీదట వేదికెక్కే ప్రతి ముఖ్య అతిథీ ఒక్క రీఫ్ ముడి వేసి చూపించాలి. వెయ్యలేనివారు స్కార్ఫు తీసి ఇచ్చేసి వెళ్ళాలి. పోయినసారి వేసింది ఇంకా తిరిగి రాలేదు, దాని ఖరీదూ నేనే పెట్టాను.