గొంగడి పాత్ర ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒక పిక్సెల్ పాత్రది. దాని నిలువు 32 గళ్లు, అడ్డం 32 గళ్లు, మొత్తం 1024 గళ్లు. వాటిలో సగానికి పైగా ఖాళీ. మిగిలిన గళ్లలో ఒక గొర్ల కాపరి ఉన్నాడు: తల మీదుగా కప్పుకున్న గొంగడి, మోకాళ్ల దాకా ధోతి, చేతిలో పొడవాటి కట్టె. పాత్ర పుట్టింది కామారెడ్డిలో, ఒక డిగ్రీ విద్యార్థి ల్యాప్‌టాప్‌లో. పెరిగింది ఎల్లారెడ్డిలో ఉన్న, వయసులో పెద్దవాడైన ఒక మిత్రుడి విమర్శతో. చెప్పవలసింది తనను దిద్దిన పద్ధతి గురించి గనుక, ‘నేను’ అన్న మాటను పాత్ర పక్కన పెట్టింది.

తెర మీద కనిపించే బొమ్మలో అతి చిన్న ముక్క పిక్సెల్. ఒక్కో గడిని చూసి, ఆలోచించి, చేత్తో నింపుతూ బొమ్మ కట్టడమే పిక్సెల్ ఆర్ట్. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలకు చెందిన అడెల్ గోల్డ్‌బర్గ్, రాబర్ట్ ఫ్లెగల్ 1982లో ఈ పేరును అచ్చులో వాడారు. తొలి రోజుల్లో గళ్ల కొరత యంత్రం పెట్టిన షరతు. 1981లో వచ్చిన ‘డాంకీ కాంగ్’ ఆటలో మారియోకు మీసం పెట్టింది ముక్కుకూ నోటికీ తేడా చూపడానికి, టోపీ పెట్టింది జుట్టు గీయడానికి గళ్లు చాలక, రంగు తేడా ఉన్న ఓవరాల్ తొడిగింది చేతుల కదలిక కనిపించడానికి. సుసాన్ కేర్ మెకింటాష్ కంప్యూటర్ ఐకాన్లను మొదట గళ్ల కాగితం మీద గీశారు. వాటి కొలత కూడా 32×32. తెలంగాణలో గళ్ల పని కొత్తది కాదు. పోచంపల్లి ఇక్కత్ నమూనాను గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, ఆ గళ్ల లెక్కతోనే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. నేటి కంప్యూటర్లకు గళ్ల కొరత లేదు. అయినా కళాకారులు ఆ హద్దును కోరి పెట్టుకుంటారు, ఎందుకంటే హద్దు ఉన్నచోట ప్రతి గడీ తన ఉనికికి కారణం చెప్పాలి. విమర్శ అడిగేది కూడా ఆ కారణాన్నే.

పాత్రకు అప్పగించిన పని ఒక చిన్న ఆటలో మందను నడిపించడం. దారి ఎల్లారెడ్డి వైపు అడవి అంచున మొదలై, పోచారం జలాశయం ఒడ్డు మీదుగా, మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట దాకా సాగుతుంది. బొమ్మను విమర్శకు పెట్టేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పాలి. “ఎట్లుందో చూసి చెప్పన్నా” అని మాత్రమే అడిగితే “మంచిగుంది” అన్న జవాబే వస్తుంది, దానితో ఒక్క గడి కూడా మారదు. బొమ్మ కొలత, రంగుల సంఖ్య, వెనుక ఏ దృశ్యం ఉంటుంది, పని ఏ దశలో ఉంది, ఏ విషయంలో సాయం కావాలి అన్న ఐదు ముక్కలు రాస్తే చూసేవాడి కన్ను సరైన చోట ఆగుతుంది. పంపే తీరు కూడా ముఖ్యమే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోయి, అసలు బొమ్మలో లేని రంగులు గళ్ల అంచుల్లో చేరతాయి. పీఎన్‌జీ ఫైలును డాక్యుమెంటుగా పంపాలి. పెంచి చూపాలంటే రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగానే పెంచాలి. ఒకటిన్నర రెట్లు పెంచితే కొన్ని గళ్లు లావుగా, కొన్ని సన్నగా మారతాయి. అసలు కొలతలో ఉన్న బొమ్మను కూడా పక్కనే పెట్టాలి, ఎందుకంటే ఆడేవాళ్లకు కనిపించేది అదే.

విమర్శకు ఒక వరుస ఉంది: ముందు ఆకారం, తర్వాత రంగు, తర్వాత గీత, నీడ, చివరగా కదలిక. ఆకారం తప్పిన బొమ్మకు నీడలు దిద్దడం వృథా శ్రమ, ఆకారం మారగానే ఆ నీడలన్నీ చెరిపేయాలి.

ఆకారాన్ని పరీక్షించడానికి బొమ్మ మొత్తాన్ని ఒకే నలుపుతో నింపుతారు. దాన్ని సిల్హౌట్ అంటారు. మనిషి ఎవరో, ఎటు చూస్తున్నాడో, చేతిలో ఏముందో ఆ నల్లటి ఆకారంలోనే తెలియాలి. ఈ పాత్రకు మొదట చేసిన పరీక్షలో కనిపించింది ఒక బండరాయి. గొంగడి తలనూ భుజాలనూ ఒక్క ముద్దగా కప్పేసింది, కట్టె ఒంటికి అంటుకుపోయింది, రెండు కాళ్ల మధ్య సందు లేదు. “గొంగడి మంచిగ కప్పినవ్ గని, మనిషి యాడ ఉన్నడు తమ్మీ?” అని ఎల్లారెడ్డి నుంచి ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న వెంటే మిత్రుడు మూడు చోట్లు చూపించాడు. కట్టెకూ ఒంటికీ మధ్య రెండు గళ్ల ఖాళీ వచ్చింది. తల ఒక గడి ముందుకు వంగింది. కాళ్లు విడివడ్డాయి. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టించి, 2008 నుంచి టీవీలో వస్తున్న ఛోటా భీమ్ పిక్సెల్ బొమ్మ కాదు గానీ, ఆ పాత్రను కూడా దూరం నుంచే ఆకారాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు.

రంగు దగ్గర అడ్డంకి గొంగడే. విద్యార్థి దానికి పచ్చి నలుపు వేసి, అంచు గీతకు కూడా అదే నలుపు వాడాడు. మడతలు మాయమయ్యాయి. సాయంత్రపు అడవి దృశ్యం ముందు పెడితే పాత్రే మాయమైంది. ఇలాంటి లోపం పట్టడానికి బొమ్మనూ దృశ్యాన్నీ కలిపి రంగులు తీసేసి, బూడిద ఛాయల్లో చూడాలి. రెండూ ఒకే ముదురులో ఉంటే ఎంత మంచి రంగైనా ఆదుకోదు. ఇక్కడ ఎల్లారెడ్డి మిత్రుడికి ఊరి ఎరుక అక్కరకొచ్చింది. నల్ల దక్కని గొర్రె ఉన్నిని కురుమలు దాని సహజమైన రంగులోనే గొంగడిగా నేస్తారు, అందువల్ల ఆ నలుపులో గోధుమ, బూడిద ఛాయలు ఉంటాయి. దాంతో నీడకు నీలం కలిసిన ముదురు, ఒంటికి గోధుమ కలిసిన బూడిద, ఎండ పడే భుజానికి వెచ్చని లేత బూడిద వచ్చాయి. నీడ చల్లని రంగు వైపు, వెలుతురు వెచ్చని రంగు వైపు జరిగితే తక్కువ రంగులతోనే లోతు పుడుతుంది. రంగును బట్టి పాత్రను పోల్చుకోవడం చేర్యాల నకాషీ పటాల్లో ఎప్పటి నుంచో ఉంది. దేవతలకు, రాక్షసులకు, మనుషులకు ఒంటి రంగులు వేరువేరుగా వేస్తారు.

గీతల్లో లోపం మెట్ల దగ్గర బయటపడుతుంది. గొంగడి అంచు భుజం నుంచి మోకాలికి వంపు తిరుగుతూ దిగాలి. మొదట ఆ వంపులోని మెట్ల పొడవులు 3, 1, 2, 1, 3 గళ్లుగా ఉండి అంచు గరుకుగా కనిపించింది. 3, 2, 2, 1, 1గా మార్చగానే వంపు నునుపైంది. నీడల్లో తరచూ దొరికే తప్పు పిల్లో షేడింగ్: వెలుగు ఎటు నుంచి వస్తోందో తేల్చుకోకుండా అంచుల చుట్టూ ముదురు, నడుమ లేత వేయడం. అలా చేస్తే ఏ వస్తువైనా గాలి నింపినట్టు ఉబ్బుతుంది. దీన్ని విమర్శించేటప్పుడు “నీడ తప్పు” అంటే చాలదు; “పొద్దు ఎడమ దిక్కు ఉంటే కుడి భుజం ఎందుకు మెరుస్తుంది?” అని అడగాలి. జవాబు వెతుక్కుంటూ చేసినవాడే నీడను సరిచేస్తాడు.

నడక కోసం విద్యార్థి నాలుగు ఫ్రేములు, అంటే ఒకదాని వెంట ఒకటి చూపే నాలుగు బొమ్మలు, గీశాడు. మొదట పాత్ర నడవలేదు, జారింది. ఫ్రేముకు రెండు గళ్ల చొప్పున ముందుకు సాగే పాత్రలో, నేలను తాకి ఉన్న పాదం బొమ్మ లోపల అదే రెండు గళ్లు వెనక్కి జరగాలి. నేలకు ఆనిన కట్టె కొసకు కూడా ఇదే లెక్క. అడుగు పడినప్పుడు తల ఒక గడి దిగాలి, గొంగడి అంచు ఒక ఫ్రేము ఆలస్యంగా ఊగాలి. ఉన్ని బరువు తెలిసేది ఆ ఆలస్యంలోనే.

పనితనం గురించిన విమర్శ ప్రపంచంలో ఎవరైనా చేయగలరు. బతుకు గురించిన విమర్శ ఆ బతుకు ఎరిగినవాళ్లే చేయాలి. మొదటి బొమ్మలో కట్టె ఒకే నిలువు గీత. “గిది బల్లెం లెక్క కనవడ్తంది తమ్మీ. గొర్లకు కొమ్మలు కొట్టే కట్టెకు కొడవలి ఉంటది కద” అని ఎల్లారెడ్డి మాట. కట్టె పై కొసన మూడు గళ్ల వంపు చేర్చగానే సిపాయి కాపరి అయ్యాడు. గొంగడి తల మీదికి వచ్చేది వానకూ చలికీ, ఎండ కాసే దృశ్యంలో అది మడిచి భుజం మీద ఉండాలన్న రెండో మాటతో ఇంకో రూపం పుట్టింది. పిక్సెల్ అన్న మాట వినని కాపరికి బొమ్మ చూపి, ఏ సూచనా ఇవ్వకుండా “ఎవరీయన?” అని అడగడం కూడా గొప్ప పరీక్షే.

విమర్శ చెప్పేవారి బాధ్యతలు దీన్నుంచే తేలతాయి. చేసినవాడు కోరిన పాత్ర ఏదో ముందు తెలుసుకోవాలి. తనకు నచ్చిన పాత్రను అతని మీద రుద్దకూడదు. మాట ఎప్పుడూ గడి మీద ఉండాలి, మనిషి మీద ఉండకూడదు. “నీకు గీయడం రాదు” అన్న మాటలో దిద్దుకోవడానికి ఏమీ లేదు. “ఎడమ చెయ్యి గొంగడిల కలిసిపోయింది” అన్న మాటలో దారి ఉంది. ఎక్కడ, ఏమి, ఎందుకు అనే మూడూ చెప్పాలి. ఒకేసారి ఇరవై తప్పులు ఎత్తకుండా, అన్నిటికంటే పెద్దవైన రెండు మూడు చెప్పాలి. నిలిచిన గుణాన్ని కూడా పేరు పెట్టి చెప్పాలి, లేకపోతే దిద్దుబాటులో అదే చెరిగిపోవచ్చు. గీసి చూపడం పిక్సెల్ ఆర్ట్‌లో అన్నిటికంటే వేగంగా అర్థమయ్యే పద్ధతి. అయితే అడిగి, నకలు మీదే గీయాలి.

తీసుకునేవారికీ బాధ్యతలున్నాయి. వెంటనే సమర్థించుకోకూడదు, ఎందుకంటే ఆటతో పాటు వివరణ ఇవ్వడానికి కళాకారుడు ప్రతి ఇంట్లో కూర్చోలేడు. మాట అర్థం కాకపోతే “అన్నా, ఏ గడి గురించి అంటున్నవ్?” అని అడగాలి. ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆగితే వాళ్లు చెప్పిన మందులు వేరైనా రోగం నిజమే. మందు మాత్రం చేసినవాడే ఎంచుకోవాలి. పాత రూపాన్ని చెరపకుండా వేరే ఫైలుగా దాచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. కొత్తది మెరుగ్గా లేకపోతే వెనక్కి వెళ్లవచ్చు. అన్ని మాటలూ వినాలి, అన్నీ పాటించనక్కర్లేదు. గొంగడికి ఎర్ర అంచు వేస్తే అందంగా ఉంటుందన్న సలహాను విద్యార్థి విని, దృశ్యంలో ఎర్ర నేల ముందు అది నిలవదని కారణం చెప్పి వదిలేశాడు. కారణంతో వదిలేయడం విమర్శను గౌరవించడమే.

పని ఎక్కడ ఆపాలన్నదీ విమర్శే చెబుతుంది. ఆకారం, వెలుగు, నడక గురించి మాటలు ఆగి, కేవలం ఇష్టాయిష్టాలు మిగిలినప్పుడు పాత్ర తయారైనట్టే. ఈ పాత్ర ఇప్పుడు రెండు రూపాల్లో, ఏడు రంగుల్లో, నాలుగు ఫ్రేముల నడకతో ఆటలో మందను తోలుతోంది. గళ్లు నింపింది కామారెడ్డి విద్యార్థి ఒక్కడే; ఏ గడి ఎందుకు అక్కడ ఉందో మాత్రం చేసినవాడూ చూసినవాడూ ఇద్దరూ చెప్పగలరు.