ముక్కుంటే కదా కోపం!

పగ్ కుక్కపిల్లను అమ్మేవాడి ముందు పెళ్లిళ్ల పేరయ్య కూడా దిగదుడుపే. పిల్లలతో ఇట్టే కలిసిపోతుందండీ. అనవసరంగా మొరగదు. అపార్ట్‌మెంటులో ఓ మూల సర్దుకుంటుంది. వాకింగుకు తీసుకెళ్లమని ప్రాణం తీయదు. ముక్కు మీద కోపం బొత్తిగా లేదు. ఈ చివరి మాట మాత్రం నేను నమ్ముతాను. కోపం వచ్చి కూర్చోవాలన్నా ముక్కంటూ ఒకటి ఉండాలి కదా!

ఆపైన వంశం ఎత్తుకుంటాడు. చైనా చక్రవర్తుల ఒడిలో పెరిగిన జాతి సార్ ఇది, అంటాడు. అది నిజమే. అక్కణ్నుంచి డచ్చి వర్తకుల ఓడలెక్కి హాలెండు చేరింది. 1572లో స్పెయిన్ సైనికులు రాత్రివేళ శిబిరం మీద పడితే, పాంపే అనే పగ్ మొరిగి, గీరి, ఆరెంజ్ రాజకుమారుడు విలియమ్‌ను నిద్రలేపి బతికించిందని కథ చెబుతారు. ఆ వంశంలోని మూడవ విలియమ్ ఇంగ్లండు గద్దెనెక్కినప్పుడు దీనికీ ఆ దేశపు దర్బారులో చోటు దొరికింది. అన్నీ ఒప్పుకుందాం. కానీ ఆ రాజులు పెంచిన కుక్క, మీ సోఫా మీద రొప్పుతున్న కుక్క ఒకటేనా?

చిత్రకారుడు విలియమ్ హోగార్త్ 1745లో తన బొమ్మ తానే వేసుకుంటూ, పక్కన పెంపుడు పగ్‌ను కూడా కూర్చోబెట్టాడు. (దాని పేరు ట్రంప్. పాపం, అందులో దాని తప్పేమీ లేదు.) ఆ చిత్రం లండన్‌లోని టేట్ గ్యాలరీ సొత్తు. అందులో కుక్కకు చక్కగా ముందుకు వచ్చిన మూతి ఉంది, గాలి పీల్చుకునే ముక్కు ఉంది. ఇవాళ దాన్ని డాగ్ షోకు తీసుకెళితే గేటు దగ్గరే ఆపి, ‘ఇది క్రాస్ బ్రీడండీ’ అని తిప్పి పంపేస్తారు.

ఆ తర్వాత తరాల్లో పెంపకందార్లు పొట్టి ముక్కు పిల్లల్నే ఏరి జతకట్టించుకుంటూ వచ్చారు. పుర్రె ఎముక కుదించుకుపోయింది. లోపలి సరంజామా మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. నాలుక, కొండనాలుక దగ్గరి మెత్తని కండ, ముక్కులోని పొరలు అన్నీ ఆ ఇరుకులోనే కుక్కుకుని గాలికి అడ్డం పడతాయి. ఆ అడ్డం దాటి గాలి లోపలికి వెళ్లే చప్పుడునే మనం ‘ఎంత ముద్దుగా గురక పెడుతోందో’ అంటున్నాం. ఇంట్లో తాతగారు అలా గురక పెడితే డాక్టరు దగ్గరికి తీసుకెళతాం. కుక్క పెడితే రీలు తీస్తాం.

అమ్మేవాడు చదివే జాతి లక్షణాలన్నీ ఈ బాపతే. ఉబికిన కళ్లు అందమట. ఆ కళ్లకు ముక్కు కాపలా లేదు, ఏది తగిలినా నేరుగా కనుగుడ్డుకే తగిలి పుండు పడుతుంది. మొహం మీద ముడతలు రాజసమట. రోజూ తుడవకపోతే ఆ రాజసం కంపు కొడుతుంది. రెండు మెలికల తోక అయితే షోల్లో అత్యుత్తమ లక్షణం. ఆ మెలిక పెట్టే వెన్నుపూసల వంకర ఒక్కోసారి తోకతో ఆగక పైకి పాకితే, వెనక కాళ్లు పట్టు తప్పుతాయి. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు నాలుగు వేల పైచిలుకు పగ్‌లను ఇతర కుక్కలతో పోల్చి చూసి 2022లో తేల్చిందేమిటంటే, ఊపిరాడని జబ్బు వచ్చే అవకాశం వీటికి దాదాపు 54 రెట్లు ఎక్కువ. ఆరోగ్యం విషయంలో దీన్ని మామూలు కుక్కగా లెక్కేయలేమనీ అన్నారు. రాజుల కుక్కని చేసిన హాలెండే, తలతో పోల్చి ముక్కు పొడవు కొలిచి మరీ, ముక్కు బొత్తిగా లేనివాటికి 2019 నుంచి సంతానయోగం రద్దు చేసింది.

మనకు ఈ జాతిని పరిచయం చేసింది చైనా కాదు, హచ్ అనే సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన. 2003లో ఓ పిల్లాడి వెనకాలే గట్లూ పుట్టలూ తిరిగిన ఆ బుజ్జిముండను చూసి దేశం దేశమే మురిసిపోయింది. పగ్ అన్న పేరు నోరు తిరగనివాళ్లకు కూడా ‘హచ్ కుక్క’ తెలుసు. మనం ఎక్కడికి వెళితే అక్కడికి వస్తుందన్నది ఆ ప్రకటన సారాంశం. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి విజయవాడ బందరు రోడ్డు మీద నాలుగడుగులు వేయించి చూడండి, ఎక్కడికి వస్తుందో! కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ, ముక్కులోని తడి మీదుగా గాలి ఆడిస్తూ వేడి దించుకోవాలి. ఆ కూలరునే పీకేసి రామగుండం ఎండల్లోకి దించాం. పోనీ విమానమెక్కి చల్లని చోటికి వెళదామంటే, దారిలో ప్రాణం పోతే ఎవరు పూచీ అని చాలా విమానసంస్థలు చప్పిడిముక్కు కుక్కలను కార్గోలో ఎక్కించుకోవు.

అయినా బేరం ఆగదు. ‘ఏసీ ఉంది కదండీ’ అంటారు కొనేవాళ్లు. ముక్కు రంధ్రాలు వెడల్పు చేయించే ఆపరేషన్ కూడా ఉంది మరి. ముక్కు లేకుండా పుట్టించడానికో ధర, ఉన్నంతలో ఊపిరి ఆడించడానికో ధర.

నిజంగా కొనాలనుకునేవాళ్లు ఆ సర్టిఫికెట్లూ వంశవృక్షాలూ పక్కన పెట్టి ఒక్కటి అడగండి. దీని తల్లినీ తండ్రినీ తీసుకొచ్చి, మా ముందు ఓ కిలోమీటరు నడిపించి చూపిస్తావా అని. అమ్మేవాడు నొచ్చుకుంటాడు. ‘అదేంటి సార్, ఇది నడిపించే కుక్క కాదు, ఎత్తుకునే కుక్క’ అంటాడు.