మంచిగున్న సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం చేశాడు. ఈ టీకాకారుడు అలాంటి ఒట్లేమీ పెట్టుకోవడం లేదు. తీసుకున్న మూలం గుప్పెడు మాటలు. అందులో చెప్పినదానికన్నా చెప్పకుండా దాచిందే ఎక్కువ. దాచినదాన్ని బయటికి లాగకపోతే టీకా ఎందుకు?

మూలం

"అమ్మా, మంచిగున్న. తిన్న. పైసలేసిన. గీ రెండేండ్లే."

వక్త కమాన్‌పూర్ మండలం నుంచి గల్ఫుకు పోయిన కొడుకు. శ్రోత తల్లి. స్థలం ఒక లేబర్ క్యాంపు గదిలో పైమంచం. కాలం డ్యూటీ దిగి స్నానానికి వరుసలో నిలబడే ముందు. ఛందస్సు ఇమో. దుబాయిలో వాట్సాప్ కాల్ కలవదు కనుక మనవాళ్ళ సంసారాలన్నీ చాలాకాలం ఇమో మీదనే నడిచాయి. సిగ్నల్ తెగిన చోట యతి.

పాఠాంతరాలు

గోదావరిఖని ప్రతిలో "మంచిగనే ఉన్న" అని కనిపిస్తుంది. ఆ "నే" తల్లికి అనుమానం పుట్టిస్తుంది కనుక అనుభవజ్ఞులు దాన్ని పరిహరించారు. జగిత్యాల ప్రతిలో "పైసలేసిన" ముందు, "తిన్న" వెనక. అది ఏజెంటు అప్పు ఇంకా తీరనివాళ్ళ పాఠం. మనం కమాన్‌పూర్ పాఠాన్నే అనుసరిస్తున్నాం.

ప్రతిపదార్థం

అమ్మా = ఓ తల్లీ. ఇక్కడ ఒక శంక. బాపు కూడా ఇంట్లోనే ఉన్నాడు కదా, సంబోధన తల్లికే ఎందుకు? సమాధానం: బాపు సింగరేణి బొగ్గుబాయిలో చేసి దిగిపోయిన మనిషి. "ఓటీ కట్టిస్తున్నరా? రూములో ఎందరు? జీతం ఏ తారీకుకు పడుతున్నది?" అని అడుగుతాడు. ఇవి జవాబు తెలిసినవాడు అడిగే ప్రశ్నలు. అమ్మ "తిన్నవా బిడ్డా" అని మాత్రమే అడుగుతుంది, దానికి అబద్ధం చెప్పడం తేలిక. బాపు పక్కగదిలో టీవీ సౌండు తగ్గించి వింటాడన్నది వక్తకూ తెలుసు. కనుక సంబోధన ఒకరికి, సందేశం ఇద్దరికి. ఆలంకారికులు దీన్ని ధ్వని అన్నారు.

మంచిగున్న = కుశలముగా ఉన్నాను. ఈ పదం దగ్గర టీకాకారుడు కొంచెం కూర్చోవాలి.

పూర్వపక్షం వారు ఇలా అంటారు: "పరదేశం పోయినవాడు ఆ దేశపు ఆచారం, భాష, తిండి నేర్చి కలిసిపోవాలి. ఇతడు అయిదేళ్ళున్నా అరబ్బీలో నాలుగు మాటలు రావు. ఇక సర్దుకున్నదెక్కడ?" ఆ నాలుగూ ఏవో చూడండి. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. అకామా, అంటే జేబులో లేకపోతే నడిబజార్లో గుండె జారిపోయే గుర్తింపు కార్డు. ఖుబ్బూస్, అంటే రొట్టె. ఖల్లివల్లి, అంటే "పోనీ, వదిలెయ్" అని అరబ్బుల అర్థం. మనవాళ్ళ నిఘంటువులో కంపెనీ వదిలి కాగితాలు లేకుండా బతికేవాడు. నాలుగు మాటల్లో మొత్తం బతుకు ఉంది, ఐదోది ఎందుకు?

అసలు సంగతేమిటంటే, అరబ్బుల సంస్కృతి ఇతడికి గోడ అవతలి వ్యవహారం. సర్దుకోవలసింది గదితో. నేపాల్‌వాడు, బంగ్లాదేశ్‌వాడు, రాజస్థాన్‌వాడు, సిరిసిల్లవాడు ఒక్క బాత్రూమును పంచుకునే సంస్కృతి అది. ఎవరి బియ్యం ఏ డబ్బాలో, ఎవరి చార్జరు ఏ ప్లగ్గులో, శుక్రవారం కూర వంతు ఎవరిది, ఫోనులో పెళ్ళాంతో గొడవపడేవాడి వైపు చూడకుండా ఎటు తిరిగి పడుకోవాలి. విదేశీ జీవనం మీద పుస్తకాలు రాసేవాళ్ళకు ఈ చివరిది తోచదు.

ఈ విద్యలో మన బొగ్గు పట్టీ పిల్లలు పుట్టుకతోనే ముందుంటారని టీకాకారుడి సిద్ధాంతం. నైట్ షిఫ్టు చేసి వచ్చిన బాపు పగలంతా నిద్రపోయే ఇంట్లో పెరిగినవాడికి, చప్పుడు కాకుండా ట్రంకుపెట్టె మూత ఎత్తడం ఎవరూ నేర్పనక్కర్లేదు. క్యాంపులో ఒకడు డ్యూటీకి లేచే వేళకు ఇంకొకడు వచ్చి పడుకుంటాడు. లైటు వెయ్యకుండా చొక్కా వెతుక్కునేవాణ్ణి చూసి, "వీడెవడో బొగ్గుబాయి బిడ్డ" అనుకోవచ్చు. పైగా గోదావరిఖని మొత్తం వలస వచ్చినవాళ్ళ ఊరే. 1960లలో ఇక్కడ బాయిలు తెరిచాక ఎక్కడెక్కడి పల్లెలవాళ్ళో గుడిసెలు వేసుకుని, షిఫ్టు, మస్టరు, సర్దారు అనే కొత్త మాటలు నోటికి పట్టించుకున్నారు. వ్యవసాయం చేసే చేతులకు చీకటిని అలవాటు చేశారు. కమాన్‌పూర్‌లో బండమీద వెలసిన ఆదివరాహస్వామికి మొక్కి విమానం ఎక్కడం కూడా సబబే. భూమి కోసం కిందికి దిగి, పని ముగించుకుని, మళ్ళీ పైకి వచ్చిన దేవుడాయన. బొగ్గు పట్టీకి ఇంతకన్నా తగిన దేవుడు దొరకడు.

ఎండ విషయంలో మాత్రం ఇతడు మొదట బోల్తా పడతాడు. రామగుండం మే నెల చూసినవాణ్ణి, నాకు దుబాయి ఎండ ఒక లెక్కా అని బయల్దేరతాడు. జులైలో సముద్రపు ఉక్క తగిలాక ఆ మాట మళ్ళీ ఎత్తడు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం. ఆ రెండున్నర గంటల నీడ కూడా "మంచిగున్న" అనే పదంలో అంతర్భాగమే.

తిన్న = భుజించితిని. సకర్మక క్రియ, కర్మ లోపించింది. ఏమి తిన్నాడు? వ్యాకరణం అడిగే ప్రశ్నే తల్లీ అడుగుతుంది: "ఏం తిన్నవ్?" "కూర." "ఏం కూర?" ఇక్కడ యతి పడుతుంది. లైను తిరిగి కలిసేసరికి ప్రస్తావన మారిపోతుంది. ఖుబ్బూస్‌లో నిన్నటి పప్పు అని అధ్యాహారం చేసుకోవాలి. ఊరినుంచి వచ్చేవాడితో పంపిన మామిడికాయ తొక్కు సూట్‌కేసులో కారి, కొత్త చొక్కాకు ఎర్రటి మరక చేసిందన్నది కూడా ఇక్కడే కలుపుకోవాలి. ఆ చొక్కాను అతడు వెంటనే ఉతకడు.

పైసలేసిన = ధనము పంపితిని. ఇది కారణవాచకం. ఎందుకు పోయావన్న ప్రశ్నకు సూత్రం ఇచ్చే ఏకైక జవాబు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో త్రిపది ఉండనే ఉంది. బొంబాయి సంగతి ఇప్పటిది కాదు. నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు పోయిన తెలుగు కామాటీల వల్లనే అక్కడి కామాటిపురకు ఆ పేరు. బొగ్గుబాయి ఈ మూడింటిలో ఇంటికి దగ్గరిది, పింఛను ఉన్నది. కానీ 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల అటూ ఇటూ. కిందికి దిగే బాయిలు తగ్గి, యంత్రాలు తవ్వే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఓపెన్‌కాస్టుకు మనుషులు తక్కువ కావాలి, భూములు ఎక్కువ కావాలి. బాపుకు ఉద్యోగం ఇచ్చిన బొగ్గే కొడుక్కి పాస్‌పోర్టు ఇచ్చింది.

అయితే పోయిన ప్రతివాడి కారణమూ సత్కారణమేనా? ఇక్కడ వ్యాఖ్యాతలు చీలిపోయారు. చెల్లె పెండ్లి అప్పు సత్కారణమని అందరూ ఒప్పుకుంటారు. పొలంలో పడని బోర్ల బాకీ కూడా. ఇంటి స్లాబు మీద వాదం ఉంది. "పక్కింటోడు పోయిండు" అన్నదాన్ని కారణంగా ఎవరూ ఒప్పుకోరు, కానీ విమానంలో ఎక్కువ సీట్లు దానివే. "మన ఊళ్ళె ఏమున్నది?" అన్నది కారణం కాదు, వైరాగ్యం, వైరాగ్యంతో కాశీకి పోవాలి గాని మస్కట్‌కు కాదు. ఈ టీకాకారుడి కొలత ఒక్కటే. "ఎంత కావాలె?" అని అడిగితే తడుముకోకుండా అంకె చెప్పగలిగినవాడిది సత్కారణం. అంకె ఉన్నవాడికి తిరిగి వచ్చే రోజు కూడా ఉంటుంది.

గీ రెండేండ్లే = ఈ రెండు సంవత్సరములు మాత్రమే. "గీ" దగ్గరితనాన్ని చెబుతుంది, "ఏ" ఇంతకుమించి లేదంటుంది. కాంట్రాక్టు రెండేళ్ళదే కనుక మాట పుట్టినప్పుడు నిజం. ఏటేటా అదే వాక్యం, అదే "గీ", అదే "ఏ". తొమ్మిదో ఏట కూడా రెండేండ్లే మిగిలి ఉంటాయి.

మేఘసందేశంలో యక్షుణ్ణి తలుచుకోకుండా ఈ పదం దాటలేం. పనిలో ఏమరుపాటుకు యజమాని కుబేరుడు శపించి, ఇల్లు వదిలి రామగిరికి పొమ్మన్నాడు. ఆ రామగిరి నాగపూర్ దగ్గరి రామటేక్ అని పండితుల్లో ఎక్కువమంది మాట. కమాన్‌పూర్ పక్కన, కోట ఉన్న మా రామగిరి మాకుండగా మేం ఎందుకు ఒప్పుకుంటాం? 2016లో దాని పేరుతో మండలమే ఏర్పడింది. ఎక్కడిదైనా కానీ, గమనించవలసింది ఇది: యక్షుడికి శాపం ఏడాది. మబ్బుతో కబురు చెప్పేటప్పుడు ఇంకా నాలుగు నెలలుందని లెక్క చెప్పాడు. అతనిది శిక్ష, అయినా గడువుంది. మనవాడు తనంతట తాను పోయాడు, గడువు లేదు. కుబేరుడు శాపాన్ని రెన్యువల్ చెయ్యలేదు.

మరి ఇక్కడ రెన్యువల్ చేసేది ఎవరు? కఫీల్ అని కొందరు. కంపెనీ అని మరికొందరు. ఈ టీకాకారుడి నిర్ణయం వేరు: రెన్యువల్ మీద మొదటి సంతకం కమాన్‌పూర్‌లోనే పడుతుంది. అప్పు తీరిన నెలలో "మీదికి ఇంకో అంతస్తు ఎయ్యరాదా" అని ఎవరో అంటారు. అంతస్తు లేచాక కారు పెట్టుకునే జాగా కావాలి. మొదట చెప్పిన అంకె ఎవరికీ గుర్తుండదు. అటు గోడకు సున్నం పడుతుంటే, ఇటు ఫోను తెరలో నాన్నను చూసి సిగ్గుపడి తల్లి వెనక దాక్కునే బిడ్డ ఒకటి పెరుగుతుంటుంది.

తాత్పర్యం

ఓ తల్లీ, నేను బతికే ఉన్నాను, మిగతావి అడగకు అని భావము.

తల్లి ప్రత్యుత్తరం మూలంలో లేదు గాని సంప్రదాయంలో ఉంది: "పైలం బిడ్డా." దీనికి టీక అక్కర్లేదు.

ఫలశ్రుతి

ఇది చదివినవారికి స్వర్గప్రాప్తి గ్యారంటీ లేదు. పోదలచినవారికి మాత్రం నాలుగు లౌకిక ప్రయోజనాలున్నాయి. విజిట్ వీసా మీద పోయి పని చేసుకోవచ్చని చెప్పేవాడి గుమ్మం దిగి రండి. ఏజెంటు లైసెన్సు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతే. పది పాసు కానివారు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) ముద్రతో క్లియరెన్సు తీసుకుని పోతే, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వెంట వస్తుంది. దొంగదారిన పోతే రాదు. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలు చూపిస్తుంది, అడిగి చూడండి.

ఇంటి దగ్గర ఉన్నవారికి ఒక్క మనవి. కొడుకు పోయేటప్పుడు ఎంత కావాలని పోయాడో ఆ అంకెను క్యాలెండరు వెనక రాసి పెట్టండి. అది పూర్తయిన నెలలో ఫోను మీరే చెయ్యండి. ఈసారి బాపునే మాట్లాడమనండి.